అంకె కింద గీత

2006 ఏప్రిల్ 24, సోమవారం నాటి నా నోటుబుక్కు పేజీలో ఒకే వాక్యం ఉంది: "ఒక ఎండాకాలం, ఒక కోర్సు." రాత నాది, మాట మా అల్లుడిది.

నా మనవరాలు, కూతురి కూతురు, అప్పుడే మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు పరీక్షలు ముగించింది. వాళ్ళ ఇల్లు బోడుప్పల్‌లో, కాలేజీ నారపల్లి అవతల. క్లాసులో అరవై రెండు మంది. కాలేజీకి వచ్చి ఉద్యోగాలిచ్చి పోయేవి సాఫ్ట్‌వేర్ కంపెనీలే కనుక, పంపులూ గేర్లూ చదివిన పిల్లలంతా చివరికి కోడు రాయడానికే సిద్ధమవుతున్నారు. ఈ పిల్లకు మాత్రం ఇనుము మీద మనసు. చిన్నప్పుడు నా స్కేళ్ళతో ఆడుకున్నందువల్లే ఇలా అయిందని వాళ్ళమ్మ అంటుంది. ఆ నింద నేను కాదనను.

అల్లుడు చెడ్డవాడు కాదు. గుమస్తా ఉద్యోగం, మాట మీద నిలబడే మనిషి. ఆ సోమవారం ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చి, కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"నేను వద్దంటలేను బిడ్డా. సెలవులు అయిపోయేలోగ నీ లైన్ల నిన్ను రమ్మనేటోడు ఒక్కడున్నడని చూపియ్యి. చూపిస్తే నీ ఇష్టమున్నట్టు చేసుకో. లేకుంటే జూలై ఒకటి నుంచి అందరి లెక్క కోడింగుల చేరాలె. నీ లైన్ల ఏది నేర్చుకున్నా ఒక్క కోర్సే. రెండు కోర్సులంటే నాతోని గాదు."

"ఒక్కటి చాలు నాన్నా," అంది.

"ఏది మరి?"

ఆమె నా వైపు చూసింది.

డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్లు అప్పటికే చాలా ఉన్నాయి కానీ, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర నేర్పేవి రెండే. వాటి అసలు పేర్లతో ఇక్కడ పని లేదు. మా ఇంట్లో వాటిని గీతలది, ముద్దది అనేవాళ్ళం. గీతలది అంటే కాగితానికి బదులు తెర, పెన్సిలుకు బదులు మౌసు. వస్తువును పైనుంచి, పక్కనుంచి చూసినట్టు గీతలు గీసి కొలతలు వేయడం. ముద్దదిలో వస్తువును మట్టిముద్దలా తెర మీద నిలబెట్టి, చెక్కి, తిప్పి చూడవచ్చు. గీతలది ఆరు వారాలు. ముద్దది పది వారాలు.

పిల్లకు ముద్దది కావాలని ఉంది. కాలేజీలో ఎవరో చూపించారట.

"అమ్మమ్మా, అండ్ల అంకె మారిస్తే చాలు, బొమ్మ దానంతటదే మారుతది," అంది కళ్ళు పెద్దవి చేసి.

"అంకె మారింది సరే. ఎవరు మార్చిండ్రు, ఎందుకు మార్చిండ్రు? అది కాగితం మీద కనబడాలె గద," అన్నాను.

ఈ మాట నేను అన్నానని రాసి పెట్టుకున్నాను. తరువాత పనికి వచ్చింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. 1968 నుంచి 2003 వరకు, ముప్పై ఐదేళ్ళు, నాచారంలో ఒక పంపుల ఫ్యాక్టరీలో ట్రేసరుగా పనిచేశాను. ఇంజనీరు పెన్సిలుతో గీసిన డ్రాయింగు మీద పలుచని కాగితం పరిచి ఇంకుతో ఎత్తి గీయడం నా పని. ఎత్తి గీసిన ప్రతి కాగితం మీదా చిన్న కొలతలన్నీ కూడి, మొత్తం పొడవుతో సరిచూసేదాన్ని. అది నన్నెవరూ అడగని పని. ముప్పై ఐదేళ్ళలో ఆ కూడికల్లో ఇంజనీర్ల తప్పులు రెండు వందల పదకొండు దొరికాయి. అందుకే లెక్క వేస్తే నిజం బయటికి వస్తుందని నాకు గట్టి నమ్మకం.

ఏది నేర్చుకోవాలో కూడా లెక్క వేసే తేలుద్దామన్నాను. ఏప్రిల్ 25, 26, 27 తేదీల్లో గొడుగు పట్టుకుని నాచారం పారిశ్రామికవాడలోనూ మల్లాపూర్ వైపూ పద్నాలుగు షాపులకు వెళ్ళాను. పాత పరిచయాలు ఉన్నచోట చాయ్ ఇచ్చారు. లేనిచోట గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు.

"ఏందక్కా, జనాభా లెక్కలా?" అన్నాడు ఒక లేతు షాపు ఆయన.

"ఒక్కటే ప్రశ్న. మీ దగ్గర డ్రాయింగ్ దేంట్ల గీస్తరు?"

"గీతలదాంట్ల. ముద్దది మాకెందుకు? విమానాలు చేస్తున్నమా?"

పద్నాలుగింటిలో తొమ్మిది చోట్ల గీతలదే ఉంది. రెండు చోట్ల రెండూ ఉన్నాయి. ఒక చోట ముద్దది మాత్రమే. మిగిలిన రెండు చోట్ల ఇంకా బోర్డూ పెన్సిలే. మొత్తం సరిపోయింది. తొమ్మిది అంకెను పేజీ మధ్యలో పెద్దగా రాసి పిల్లకు చూపించాను.

ఆమె ఆ పేజీని చాలాసేపు చూసింది. "తొమ్మిది," అంది చివరికి, పరీక్షలో వచ్చిన తక్కువ మార్కు చదివినట్టు.

ఏప్రిల్ 28న ఇద్దరం టైర్ల దుకాణం పైనున్న ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళాం. మెడలో టై కట్టుకున్న కుర్రవాడు ముద్దది తీసుకొమ్మని గంటసేపు చెప్పాడు. కార్ల కంపెనీలన్నాడు, విమానాలన్నాడు. నేను నోటుబుక్కు తెరిచి తొమ్మిది చూపించాను.

"ఇది ఈ రోజు లెక్క మేడమ్. అమ్మాయి చేసేది రేపటి ఉద్యోగం కదా," అన్నాడు.

"సెలవులు రేపటికి లేవు. రెండు నెలలే ఉన్నయి," అన్నాను.

"మీరే నేర్చుకునేటట్టున్నారు మేడమ్," అని నవ్వి, గీతలదానికి ఫారం ఇచ్చాడు. పిల్ల సంతకం పెట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

ఆరు వారాలు పిల్ల మా ఇంట్లోనే ఉంది. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ప్రింటు తీసిన కాగితాలు తెచ్చి నా ముందు పరిచేది. గీతల మందం నుంచి బాణం కొస దాకా అన్నీ చెప్పేదాన్ని. కూడికలు చేయించాను. ఆ రోజుల్లోనే ఆమెకు కింద గీత సంగతి కూడా నేర్పాను.

మా కాలంలో డ్రాయింగు అంతా అయ్యాక కొలత మారిందని కబురు వచ్చేది. రెండు మిల్లీమీటర్ల కోసం కాగితం అంతా మళ్ళీ గీయలేం. బ్లేడుతో గీకితే పలుచని కాగితం ఒకసారి ఓర్చుకుంటుంది, రెండోసారి చిల్లు పడుతుంది. అందుకని గీతను ముట్టుకోకుండా అంకె ఒక్కటే గీకి, కొత్త అంకె రాసి, దాని కింద చిన్న అడ్డగీత గీసేవాళ్ళం. షాపులో పనివాడు ఆ కింద గీత చూడగానే తెలుసుకుంటాడు: ఇక్కడ బొమ్మను కొలవకూడదు, అంకెనే నమ్మాలి. డ్రాయింగ్ ఆఫీసుకూ మిషన్ మీది మనిషికీ మధ్య ఉన్న మర్యాద అది. నా కాలంలో ఆ గీత ఒక్కసారి కూడా మోసం చేయలేదు.

"కంప్యూటర్ల గూడ అంకె ఒక్కటే మార్చొచ్చు అమ్మమ్మా. డబుల్ క్లిక్ చేసి వేరే అంకె కొట్టొచ్చు," అంది పిల్ల.

"అట్ల కొట్టినప్పుడు కింద గీత మరవొద్దు. మరిస్తే చదివేటోన్ని మోసం చేసినట్టు."

"మరవను."

మరవలేదు కూడా.

జూన్ 9న కోర్సు ముగిసింది. జూన్ 12, సోమవారం నుంచి పన్నెండు పనిదినాలకు నాచారంలోని ఒక టూల్‌రూమ్ ఆమెను పరీక్షగా తీసుకుంది. రేకు భాగాలు ఒత్తే ప్రెస్సులకు ఉక్కు అచ్చులు చేసే షాపు అది. నేను లెక్కపెట్టిన తొమ్మిదిలో ఒకటి. అక్కడి ఫోర్‌మన్ 1981లో మా ఫ్యాక్టరీకి అప్రెంటిస్‌గా వచ్చినవాడు, నన్ను అక్కా అంటాడు. యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి పెట్టుకున్న షాపు.

"పన్నెండు రోజులు చూస్తానమ్మా," అన్నాడు యజమాని. "నచ్చితే చదువు అయ్యాక రమ్మని కాగితం మీద రాసిస్తాను. నచ్చకపోతే ఏమీ అనుకోకూడదు."

ఆ కాగితం చాలు అల్లుడికి. ఆ కాగితం కోసమే పిల్ల రోజూ ఏడున్నరకల్లా ఇంట్లోంచి బయలుదేరేది.

ఆరు రోజులు బాగానే గడిచాయి. జూన్ 19, సోమవారం సాయంత్రం ఇంటికి రాగానే హుషారుగా అన్నం తిని తొందరగా పడుకుంది. మర్నాడు పొద్దున ఆరు ముప్పావుకు చాయ్ తాగుతూ ఒక ప్రింటు నా ముందు పెట్టింది. అసలు సైజులో తీసిన ప్రింటు.

"నిన్న మధ్యాహ్నం ఆర్డరిచ్చిన పార్టీ ఫోన్ చేసిండు. రెండు కిటికీల మధ్య దూరం ఎనబై నాలుగు కాదు, ఎనబై ఆరు కావాలన్నడు. ఫోర్‌మన్ సార్ తొందరగ మార్చి ఇయ్యమన్నడు. నువ్వు చెప్పినట్టే జేసిన, చూడు."

అరచేతి కన్నా కొంచెం పెద్దదైన ఉక్కు ప్లేటు బొమ్మ అది. దానిలో రెండు దీర్ఘచతురస్రపు కంతలు. వాటినే కిటికీలు అంటారు. వాటి మధ్య కొలత 86. దాని కింద శుభ్రంగా ఒక గీత.

అలవాటుగా నా పాత స్కేలు తీసి పెట్టాను. బొమ్మ మీద దూరం 84 ఉంది. అంకె 86 ఉంది. కింద గీత ఉంది. నేను నేర్పినది నేర్పినట్టే ఉంది. నాకు సంతోషమే వేసింది, అది కూడా రాయాలి.

"మంచిగున్నది. మిషన్ మీద ఎవరున్నరు? కింద గీత అంటే తెలుసా ఆయనకు?"

"ఆయనకు ఈ కాగితం ఇయ్యరు అమ్మమ్మా. ఇది ఫైలుల పెట్టుకునేటందుకు. వైర్‌కట్‌కు బొమ్మ ఎక్కించిన ఫ్లాపీ పోతది."

వైర్‌కట్ అంటే నేను పనిలోంచి వచ్చేశాక ఆ షాపులోకి వచ్చిన యంత్రం. నీళ్ళ తొట్టిలో ప్లేటును బిగించి, సన్నని ఇత్తడి తీగకు కరెంటు పెడితే, ఆ తీగ ఎంత గట్టి ఉక్కునైనా కోసుకుంటూ పోతుంది.

"మరి అంకె ఎవరు చదువుతరు?" అన్నాను.

ఆమె చేతిలో గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగింది.

"ఎవరు చదవరు," అంది మెల్లగా. "మిషన్ గీతనే చదువుతది. గీత ఎట్లుంటె అట్ల పోతది."

గీత 84 దగ్గరే ఉంది.

ఆరు యాభై రెండుకు ఫోర్‌మన్‌కు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. స్కూటర్ మీద ఉండి ఉంటాడు. ఆఫీసు ఫోను తొమ్మిదిదాకా ఎత్తేవాళ్ళు ఉండరు. వైర్‌కట్ ఆపరేటర్ మాత్రం పొద్దున ఏడుకే మొదలుపెడతాడని పిల్ల చెప్పింది. ఆయన నంబరు ఆమె దగ్గర లేదు. చెప్పులు వేసుకుని ఉన్నపళాన బయలుదేరాం. ఆమె గేటు పాసు గూట్లోనే ఉండిపోయింది, అది మాకు తరువాత గానీ తెలియలేదు.

రాత్రి వాన పడింది. రింగ్ రోడ్డు దగ్గర సెవెన్ సీటర్ ఆటోలు జనం నిండితే గానీ కదలవు. మామూలు ఆటో ఒకటి పట్టుకుని ఎక్కాం. హబ్సిగూడ వైపు రోడ్డంతా బస్సులూ లారీలూ. ఏడూ పన్నెండుకు ఇంకా వీధిదీపాల స్తంభాలు లెక్కపెట్టేటంత మెల్లగా పోతున్నాం.

"తీగ ఎంత వేగంగ కోస్తది?" అడిగాను.

"మందం ప్లేటు గద. నిమిషానికి రెండు మిల్లీమీటర్లు అన్నడు ఆపరేటర్ అన్న."

"కిటికీ సైజు?"

"ముప్పై బై పద్దెనిమిది."

ముప్పై, పద్దెనిమిది కలిపితే నలభై ఎనిమిది. చుట్టూ రెండింతలు, తొంభై ఆరు. నిమిషానికి రెండు చొప్పున నలభై ఎనిమిది నిమిషాలు. ఏడుకు మొదలుపెడితే ఏడూ నలభై ఎనిమిదికి ఒక కిటికీ అయిపోతుంది. తీగ తెంపి, రెండో కిటికీ దగ్గరికి జరిపి, మళ్ళీ ఎక్కించడానికి పది నిమిషాలు.

"ఏడూ యాభై ఎనిమిది దాకా టైమున్నది," అన్నాను.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "మొదటి కిటికీ మూల నుంచి కొలుస్తరు అమ్మమ్మా. అది మారలే. మారింది రెండోది. ఆయన ముందుగాల రెండోది కోస్తున్నడనుకో..."

"ఏది ముందు కోస్తడు?"

"నాకు తెల్వదు. అడగలే."

నా దగ్గర కూడిక ఉంది కానీ, దానిలో సగం అంకె లేదు. ఏ కిటికీ కోస్తున్నాడో తెలియకుండా ఎన్ని నిమిషాలు మిగిలాయో తెలిసి లాభం లేదు. ప్లేటు అప్పటికే కొలిమిలో కాల్చి గట్టిపరిచినది. రెండు మిల్లీమీటర్లు తప్పుగా కోస్తే దాన్ని మళ్ళీ పూడ్చలేరు. కొత్త ఉక్కు, కొత్తగా కాల్చడం, కనీసం ఎనిమిది రోజులు. పిల్లకు మిగిలినవి ఐదు.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తోంది. "నాన్నకు చెప్పకు," అంది ఒకసారి. కాసేపటికి, "వద్దు, నేనే చెప్త," అంది.

పారిశ్రామికవాడ మలుపులో ఒక లారీ గుంటలో దిగబడి రోడ్డు మూసేసింది. ఆటో వదిలేసి నడిచాం. నాకు అప్పుడు అరవై ఒకటి. బురదలో పిల్ల చేయి పట్టుకుని, నా బతుకులో అంత వేగంగా నడవలేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఏడూ ముప్పై ఎనిమిది.

"పాస్?" అన్నాడు వాచ్‌మన్.

పిల్ల సంచీ అంతా వెతికింది.

"రోజు చూస్తవ్ గద నన్ను!" అంది.

"చూస్త. పాస్ గూడ చూస్త. ఈమె ఎవరు?"

"మీ ఫోర్‌మన్‌కు డ్రాయింగ్ చదువుడు నేర్పినదాన్ని," అన్నాను. "అక్క వచ్చిందని చెప్పు. ఇప్పుడే పొయ్యి చెప్పు. ఆలస్యమైతే నీ పేరు గూడ చెప్త."

లోపలికి పోయి వచ్చేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. ఫోర్‌మన్ హెల్మెట్ చంకలో పెట్టుకునే పరుగున వచ్చాడు. పిల్ల మూడు మాటల్లో చెప్పింది. ఆయన ముఖం చూశాను. అడగవలసింది ఏదీ అడగకుండా వెనక్కి తిరిగాడు. ముగ్గురం వైర్‌కట్ గదిలోకి వెళ్ళాం.

నీళ్ళు చిమ్ముతున్నాయి. తొట్టిలో ప్లేటు, ప్లేటులో తీగ. నీటి కింద ఏ కిటికీ దగ్గర ఉందో నాకు కనబడలేదు.

"ఏందన్నా, పేరెంట్స్ మీటింగా?" అన్నాడు ఆపరేటర్ నన్ను చూసి.

"ఏ కిటికీ కోస్తున్నవ్?" అన్నాడు ఫోర్‌మన్.

"మూల దిక్కుది. ఎప్పుడైన మూలకెళ్ళే మొదలువెడ్త. ఎందుకు?"

అది మారని కిటికీ. పిల్ల గోడకు ఆనుకుంది.

"ఆపు అన్నా," అంది. "రెండోది తప్పు."

"మధ్యల ఆపితే కోత గోడ మీద మచ్చ పడ్తది. ఇది కానియ్యి," అన్నాడు ఫోర్‌మన్. తరువాత ఆమె వైపు తిరిగి, "పో, పైకి పొయ్యి గీత జరుపు. అంకె గాదు, గీత," అన్నాడు.

నేను కూడా పైకి వెళ్ళాను. తెర ముందు కూర్చుని ఆమె రెండో కిటికీని పట్టుకుని రెండు మిల్లీమీటర్లు జరిపింది. ఒకసారి తప్పు వైపు జరిపి 82 చేసింది, వెనక్కి తెచ్చింది. తాను కొట్టిన అంకెనూ కింద గీతనూ చెరిపేసి, కొలతను మళ్ళీ కొత్తగా పెట్టింది. ఈసారి సాఫ్ట్‌వేరే 86 చూపించింది. నేను అలవాటుగా సంచిలోంచి స్కేలు తీశాను. తీసి, దేని మీద పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాను.

ఏడూ యాభై మూడుకు కొత్త ఫ్లాపీ కిందికి వెళ్ళింది. తీగ అప్పటికే తెంపి ఉంది. రెండో కిటికీ అయ్యేసరికి ఎనిమిదీ యాభై. ఫోర్‌మన్ ప్లేటును తుడిచి కొలిచి, మళ్ళీ కొలిచి, పక్కన పెట్టాడు.

"ఎనబై ఆరు," అన్నాడు. ఆ తరువాత ప్రింటు తీసుకుని 86 కింద గీత మీద వేలు పెట్టాడు. "ఇది ఎవరు నేర్పిండ్రు?"

పిల్ల నోరు తెరిచింది. "నేను," అన్నాను అంతకు ముందే.

"నాకు గూడ నువ్వే నేర్పినవ్ అక్కా. కాని అప్పుడు కాగితం నా చేతికొచ్చేది. నేను చదివేటోన్ని. ఇప్పుడు నేను చదువుతలేను."

పద్నాలుగు షాపులు తిరిగి, మీ దగ్గర దేంట్లో గీస్తారు అని అడిగాను. గీసింది ఎవరు చదువుతారు అని ఒక్కచోటా అడగలేదు. ఎవరో ఒక మనిషి చదువుతాడని అనుకున్నాను.

పదింటికి యజమాని వస్తే జరిగింది పిల్లే చెప్పింది. "శనివారం మాట్లాడదాం. మీ నాన్నగారిని తీసుకురా," అన్నాడు. "అప్పటిదాకా కంప్యూటర్ ముట్టుకోకు."

మిగిలిన నాలుగు రోజులూ ఆమెను వైర్‌కట్ పక్కన నిలబెట్టారు. చేసే పనేమీ లేదు. ఆ యంత్రం మీద కోయించుకోవడానికి చుట్టుపక్కల షాపులు కూడా ఫ్లాపీలు పంపుతాయి, దానితో పాటు ఒక ప్రింటు. ప్రింటును ఆపరేటర్ మడిచి గది కిటికీలో పెట్టేవాడు. పిల్ల వాటిని విప్పి, ప్రింటు మీది అంకెలను మిషన్ తెర మీది గీతలతో ఒక్కొక్కటే సరిచూడడం మొదలుపెట్టింది.

"నీకు పని లేదు, నాకు నిద్ర లేదు," అని ఆపరేటర్ విసుక్కునేవాడు. గురువారం మధ్యాహ్నం నుంచి విసుక్కోవడం మానేశాడు. నాలుగు రోజుల్లో పదకొండు ఫ్లాపీలు వచ్చాయి. మూడింటిలో అంకె ఒకటి, గీత ఒకటి. ఆ మూడింటిలో కింద గీత కూడా లేదు.

జూన్ 24, శనివారం సాయంత్రం నాలుగుకు యజమాని ముందు నేను, అల్లుడు, పిల్ల కూర్చున్నాం. ఫోర్‌మన్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"చూడండి సార్, మీ అమ్మాయి పొరపాటు చేసింది. దాచకుండా తనే చెప్పింది. ప్లేటు పోయుంటే మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టేవాణ్ణి కాదు," అన్నాడు యజమాని. "ఆ మూడు ఫ్లాపీల సంగతి కూడా విన్నాను. అయినా ఇప్పుడు కాగితం రాసివ్వలేను. గీతలు గీసేవాళ్ళు నాకు ఇద్దరున్నారు. దసరాకి త్రీడీ పెడుతున్నాం. అది నేర్చుకుని డిసెంబరులో వస్తే మళ్ళీ పన్నెండు రోజులు చూస్తాను. మాట మాత్రం ఇవ్వను."

బయటికి వచ్చాం. గేటు దాటగానే అల్లుడు ఆగాడు.

"గిది రమ్మన్నట్టా, వద్దన్నట్టా?" అన్నాడు.

"రమ్మన్నడు నాన్నా. డిసెంబర్ల," అంది పిల్ల.

"త్రీడీ అంటే మీ ముద్దదే గద. అది రెండో కోర్సు. ఒక్కటే అని చెప్పిన. నువ్వు చాలన్నవ్."

పిల్ల తల దించుకుంది. చాలన్న మాట నిజమే. ఆమె ఓడిపోతే ఒప్పుకునే పిల్ల. ఆ క్షణంలో ఒప్పుకోబోతోంది కూడా.

"ఆ ఒక్కటి ఆమె తీసుకోలే," అన్నాను. "నేను తీసుకున్న. మొదటి రోజే ముద్దది కావాలన్నది, నేనే తొమ్మిది చూపించి గీతలదాంట్ల కూసోవెట్టిన. మొన్న ఆపదల పెట్టింది గూడ నా పాఠమే. గీతలదాని ఫీజు నేనిస్త. నువ్వు చెప్పిన ఒక్కటి ఆమెకింక మిగిలే ఉన్నది."

అల్లుడు ముందు నడిచాడు. లారీ దిగబడిన గుంటలో ఇంకా నీళ్ళున్నాయి. దాని పక్క నుంచి మమ్మల్ని ఇద్దరినీ చేయి పట్టి దాటించాడు.

"డిసెంబర్ దాక," అన్నాడు. "ఆ తర్వాత నేను వినను అత్తమ్మా."

జూలై 2, ఆదివారం ఆమె ముద్దదానిలో చేరింది. ఫారం మీద సంతకం పెట్టే ముందు టై కుర్రవాణ్ణి ఒకటే అడిగిందట: ఇందులో చేసినదాన్ని ఏ యంత్రాలు నేరుగా చదువుతాయి, జాబితా కావాలి అని. వాడి దగ్గర లేదు. రెండు రోజులు తిప్పించుకుని తెప్పించుకుంది. డిసెంబరులో పన్నెండు రోజులు మళ్ళీ వెళ్ళింది. 2007 జూన్ 11న అదే షాపులో ఉద్యోగంలో చేరింది.

ఇవన్నీ జరగకముందు, టూల్‌రూమ్ నుంచి వచ్చిన మర్నాడు, జూన్ 25న, నా నోటుబుక్కులో ఏప్రిల్ 27 పేజీ తెరిచాను. కూడిక మళ్ళీ వేశాను. తొమ్మిది, రెండు, ఒకటి, రెండు. పద్నాలుగే. అంకెలో తప్పు లేదు. ఆ అంకెను చూసి నేను ఊహించుకున్న బొమ్మే తప్పు. స్కేలు పెట్టి, ఇంకు పెన్నుతో, తొమ్మిది కింద చిన్న అడ్డగీత గీశాను.

పిల్ల వెనక నుంచి వంగి చూసింది.

"ఇది ఎవరు చదువుతరు అమ్మమ్మా?"

"నేనే చదువుత," అన్నాను.